403 రాగానే ఓనర్ రోల్ ఇవ్వకండి: గూగుల్ క్లౌడ్ ఏపీఐ పర్మిషన్ ఎర్రర్లను సరిచేసే దారి

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డ మండీ ఉందనుకుందాం. కాటా అయ్యాక రైతుకిచ్చే తక్‌పట్టీని గుమాస్తా ఫోన్‌తో ఫొటో తీస్తాడు. కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌లో ఉన్న చిన్న పైథాన్ ప్రోగ్రాం ఆ ఫొటోను ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే క్లౌడ్ స్టోరేజ్ బకెట్‌లో పెడుతుంది. విజన్ ఏపీఐతో అందులోని అక్షరాలు చదివిస్తుంది. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర తీసుకుని గూగుల్ షీట్‌లో ఒక వరుస రాస్తుంది. సాయంత్రం యజమాని ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే లెక్క చూసుకుంటాడు. కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు ఇలాంటి పనులు చేసిపెట్టే కుర్రాళ్లు ఇప్పుడు ఊరికి ఒకరైనా ఉంటారు. ఇది వాళ్ల కోసం.

ఈ ఉదాహరణే ఎందుకంటే, ఇందులో మూడు ఏపీఐలున్నాయి (ప్రోగ్రాం గూగుల్ సేవలను పిలిచే దారులు), మూడూ మూడు రకాలుగా 403, అంటే హక్కు లేదు, అని కుదరదంటాయి. స్టోరేజ్‌కు రోల్, అంటే ఫలానా పనులు చేయొచ్చన్న హక్కుల మూట, కావాలి. షీట్‌కు రోల్‌తో పనే లేదు, షేర్ చేయాలి. విజన్‌కు ఏపీఐ ఎనేబుల్ అయి, బిల్లింగ్ ఉంటే చాలు. ఈ తేడా తెలియక, ప్రోగ్రాం కోసం తయారుచేసే గూగుల్ ఖాతా అయిన సర్వీస్ అకౌంట్‌కు ప్రాజెక్టు మొత్తం మీద ఓనర్ రోల్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. అది పాడు అలవాటన్న సంగతి అలా ఉంచండి. సగం సందర్భాల్లో దానితో ఎర్రర్ కూడా పోదు. ఏపీఐ ఎనేబుల్ కాకపోయినా, షీట్ షేర్ చేయకపోయినా, స్కోప్ (ప్రోగ్రాంకు ఇచ్చిన అనుమతి హద్దు) చాలకపోయినా, కంప్యూటర్ గడియారం తప్పినా ఓనర్ రోల్ చేయగలిగింది ఏమీ లేదు.

కింద కమాండ్లను, పర్మిషన్ల పేర్లను తెలుగులో పలికినట్టు రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

మొదటి మెట్టు: ఏ నంబరు వచ్చిందో చూడండి

401 అంటే మీరెవరో గూగుల్‌కు తెలియలేదని. టోకెన్ (గుర్తింపు చీటీ లాంటిది) లేదు, గడువు తీరింది, లేదా చెల్లనిది పంపారు. 403 అంటే మీరెవరో తెలిసింది, ఆ పని చేసే హక్కు మీకు లేదని. యార్డు గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరప్పా నువ్వు?" అని ఆపితే 401. లోపలికి రానిచ్చి, గోదాం దగ్గర మాత్రం "తాళం నీకిచ్చేది లేదు" అంటే 403. మొదటిదానికి రోల్స్ పేజీ తెరిచి ప్రయోజనం లేదు, రెండోదానికి కొత్త కీ ఫైలు దించుకుని ప్రయోజనం లేదు. పైథాన్ లైబ్రరీ కొన్నిసార్లు ఈ నంబర్లకు బదులు జీఆర్‌పీసీ కోడ్ చూపిస్తుంది. అందులో 16 అంటే 401తో సమానం, 7 అంటే 403తో సమానం.

వీటి పక్కన తిరిగే నంబర్లు ఇంకొన్ని ఉన్నాయి. తప్పు ఏపీఐ కీ పంపితే చాలాచోట్ల 400 వస్తుంది, "ఏపీఐ కీ నాట్ వ్యాలిడ్" అని దాని కిందే రాసి ఉంటుంది. 404 వస్తే వస్తువు లేదనే అర్థం కానక్కర్లేదు, చూసే హక్కు లేనప్పుడు కూడా కొన్ని సేవలు లేదనే చెబుతాయి. 429 అయితే అది పర్మిషన్ గొడవ కాదు, మీరు తొందరపడుతున్నారని. షీట్స్ ఏపీఐలో నిమిషానికి ఒక ప్రాజెక్టుకు 300 రైట్ రిక్వెస్టులు, అందులో ఒక యూజర్‌కు 60 మాత్రమే. సర్వీస్ అకౌంట్ ఒకే యూజర్ కింద లెక్క. బండ్లు బారులు తీరిన రోజు ఒక్కో తక్‌పట్టీకి ఒక్కో రిక్వెస్టు పంపకుండా, పది ఇరవై వరుసలు పోగేసి ఒకేసారి రాస్తే సరిపోతుంది.

రెండో మెట్టు: ఎర్రర్‌ను చివరి అక్షరం దాకా చదవండి

ఇది చెప్పడానికి సిగ్గుపడాల్సినంత చిన్న సలహా. అయినా ఎక్కువమంది చేయనిది ఇదే. ప్రోగ్రాంలో ట్రై, ఎక్సెప్ట్ పెట్టి, కింద "అప్‌లోడ్ ఫెయిల్" అని ఒక ముక్క ప్రింట్ చేసి ఊరుకుంటారు. అసలు సమాచారమంతా అక్కడే చచ్చిపోతుంది. ఎక్సెప్షన్ మొత్తాన్ని లాగ్ ఫైల్లో రాయించండి. టోకెన్, ప్రైవేట్ కీ మాత్రం అందులో పడకుండా చూసుకోండి.

స్టోరేజ్ ఇచ్చే 403ను దగ్గర నుంచి చూద్దాం. ముందుగా సర్వీస్ అకౌంట్ ఈమెయిల్ ఉంటుంది: అకౌంట్ పేరు, తర్వాత ఎట్ గుర్తు, ప్రాజెక్ట్ ఐడీ, చివర ఐఏఎం డాట్ జీసర్వీస్‌అకౌంట్ డాట్ కామ్. ఆ వెంటనే, దీనికి "స్టోరేజ్.ఆబ్జెక్ట్స్.క్రియేట్" పర్మిషన్ లేదన్న మాట. తర్వాత ఏ బకెట్, ఏ ఫైలు అన్నది. ఆఖర్న బ్రాకెట్లో, అసలా వస్తువే లేకపోయి ఉండొచ్చు అని ఒక తోక. ఎవరు, ఏ పని, దేని మీద: ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఎందుకంటే ఆ "ఎవరు" దగ్గర మీరనుకున్న అకౌంట్ కాకుండా ఇంకేదో ఉంటుంది.

ఎర్రర్ కింద "రీజన్" అని ఒక గడి కూడా ఉంటుంది. అక్కడ "సర్వీస్ డిసేబుల్డ్" అని ఉంటే నాలుగో మెట్టుకు, "యాక్సెస్ టోకెన్ స్కోప్ ఇన్‌సఫిషియెంట్" అని ఉంటే స్కోపుల సంగతికి, "ఏపీఐ కీ సర్వీస్ బ్లాక్డ్" అని ఉంటే కీ ఆంక్షల దగ్గరకు నేరుగా వెళ్లిపోవచ్చు.

మూడో మెట్టు: ప్రోగ్రాం ఎవరి పేరుతో నడుస్తోంది?

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

గూగుల్ లైబ్రరీలు క్రెడెన్షియల్స్‌ను, అంటే మీరెవరో చెప్పే ఆధారాలను, ఒక వరుసలో వెతుకుతాయి. మొదట గూగుల్ అప్లికేషన్ క్రెడెన్షియల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తాయి. అది ఉంటే, అది చూపించిన జేసన్ ఫైలే తీసుకుంటాయి. లేకపోతే, జీక్లౌడ్ అనే గూగుల్ కమాండ్ టూల్‌లో "జీక్లౌడ్ ఆథ్ అప్లికేషన్-డిఫాల్ట్ లాగిన్" కొట్టినప్పుడు మీ యూజర్ ఫోల్డర్‌లో తయారైన ఫైలు చూస్తాయి. అదీ లేకపోతే, ప్రోగ్రాం గూగుల్ సర్వర్ మీదే నడుస్తుంటే దానికి తగిలించిన సర్వీస్ అకౌంట్ తీసుకుంటాయి. ముందు ఏది దొరికితే అదే. దొరికినదానికి హక్కు లేదని తెలిసినా వెనక్కి వెళ్లి రెండోది వెతకవు.

ఇందులో రెండు లాగిన్‌లున్నాయని గమనించండి. "జీక్లౌడ్ ఆథ్ లాగిన్" అనేది జీక్లౌడ్ కమాండ్ల కోసం. మీ పైథాన్ ప్రోగ్రాం దాన్ని పట్టించుకోదు. అప్లికేషన్-డిఫాల్ట్ అన్నదే ప్రోగ్రాం వాడుకునేది. అందుకే టెర్మినల్‌లో కమాండ్ కొడితే బకెట్ చక్కగా కనిపిస్తుంది, ప్రోగ్రాం నడిపితే 403 వస్తుంది. "జీక్లౌడ్ ఆథ్ లిస్ట్" చూపించే పేరు చూసి ప్రోగ్రాం కూడా అదే పేరుతో నడుస్తోందని అనుకోకూడదు.

మండీ కంప్యూటర్లలో తరచుగా వినబడే ఫిర్యాదు ఇంకోటుంది. "అన్నా, చేత్తో నడిపితే పోతుంది. రాత్రి తొమ్మిదికి దానంతటది నడిస్తే పోవడం లేదు." విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఆ పనిని సిస్టమ్ అనే యూజర్ కింద పెట్టి ఉంటారు. మీ యూజర్ ఫోల్డర్‌లోని లాగిన్ ఫైలు ఆ యూజర్‌కు కనిపించదు. మీరు ఒక టెర్మినల్ విండోలో సెట్ చేసిన వేరియబుల్ ఆ విండో మూసేయగానే పోతుంది, షెడ్యూలర్ దాకా చేరదు. టాస్క్‌ను మీ యూజర్ పేరుతోనే నడపండి, లేదా ప్రోగ్రాంలోనే కీ ఫైలు ఉన్న చోటు పూర్తి పాత్‌తో ఇవ్వండి.

అనుమానం తీరకపోతే టోకెన్‌నే అడగొచ్చు. "జీక్లౌడ్ ఆథ్ అప్లికేషన్-డిఫాల్ట్ ప్రింట్-యాక్సెస్-టోకెన్" కొడితే పెద్ద అక్షరాల దండ వస్తుంది. దాన్ని గూగుల్ టోకెన్ ఇన్ఫో అడ్రసుకు పంపితే ఏ స్కోపులున్నాయో, ఇంకెన్ని సెకన్ల ఆయుష్షుందో చెబుతుంది. స్కోపుల్లో ఈమెయిల్ కూడా ఉంటే ఎవరిదో కూడా చెబుతుంది. టోకెన్ సాధారణంగా గంటసేపు పనిచేస్తుంది. ఆ గంటా అది తాళంచెవే, కాబట్టి సాయం అడుగుతూ దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కీ ఫైలు సంగతి ఇంకా ప్రమాదం. దానికి గంట గడువు కూడా ఉండదు.

నాలుగో మెట్టు: ఏపీఐ ఎనేబుల్ అయిందా, ఏ ప్రాజెక్టులో?

"ఈ ఏపీఐని ఫలానా నంబరు ప్రాజెక్టులో ఇంతకు ముందు వాడలేదు, లేదా డిసేబుల్ అయి ఉంది" అని 403 వస్తే పని తేలిక. ఎర్రర్‌లోనే లింకు ఉంటుంది. నొక్కి ఎనేబుల్ చేసి కొన్ని నిమిషాలు ఆగాలి.

నొక్కే ముందు ఆ ప్రాజెక్టు నంబరు మీదేనా అని చూడండి. కన్సోల్ (గూగుల్ క్లౌడ్ వెబ్‌సైట్) మొదటి పేజీలో ప్రాజెక్ట్ పేరు, ఐడీ, నంబరు మూడూ ఉంటాయి. ఎర్రర్‌లో 764086051850 అని కనిపిస్తే అది మీ ప్రాజెక్టు కాదు, గూగుల్ సొంత లాగిన్ టూల్‌ది. మీ వ్యక్తిగత అకౌంట్‌తో అప్లికేషన్-డిఫాల్ట్ లాగిన్ అయ్యారు, కానీ వాడకం ఏ ప్రాజెక్టు లెక్కలో రాయాలో చెప్పలేదని దానర్థం. అలాంటప్పుడు ఆ లింకు ఎన్నిసార్లు నొక్కినా పని జరగదు, ఆ ప్రాజెక్టు మీద మీకు హక్కే లేదు. "జీక్లౌడ్ ఆథ్ అప్లికేషన్-డిఫాల్ట్ సెట్-కోటా-ప్రాజెక్ట్" అని కొట్టి పక్కన మీ ప్రాజెక్ట్ ఐడీ ఇవ్వాలి. అదీ కుదరదంటే, ఆ ప్రాజెక్టులో మీకు సర్వీస్ యూసేజ్ కన్స్యూమర్ రోల్ కావాలి. ఈ ఒక్క నంబరు గుర్తుపడితే పూట మిగులుతుంది.

ఐదో మెట్టు: బకెట్ దగ్గర

స్టోరేజ్‌లో చిక్కు ఎక్కడంటే, మనకు ఒకటే పనిలా కనిపించేది దాని లెక్కలో నాలుగు పనులు.

ఫొటో పెట్టడమే కదా అని స్టోరేజ్ ఆబ్జెక్ట్ క్రియేటర్ రోల్ ఇస్తాం. పేరు చూస్తే సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. మొదటిసారి ఫొటో వెళ్తుంది. ఫొటో మసకగా ఉందని గుమాస్తా మళ్లీ తీసి అదే పేరుతో పంపితే మాత్రం 403. ఉన్న ఫైలు మీద రాయడమంటే పాతదాన్ని తీసేయడం కూడా. దానికి "స్టోరేజ్.ఆబ్జెక్ట్స్.డిలీట్" కావాలి, అది క్రియేటర్ రోల్‌లో లేదు. నిన్న పనిచేసి ఈరోజు ఆగిపోయింది, నేనేమీ మార్చలేదు అనేవాళ్ల కేసుల్లో ఇది ఒకటి. దీనికి రెండు మందులు. ఫైలు పేరులో తేదీ, సమయం సెకన్లతో సహా కలిపితే పేరు ఎప్పటికీ కలవదు, రోల్ పెంచక్కర్లేదు. తిరగరాయడమే కావాలంటే స్టోరేజ్ ఆబ్జెక్ట్ యూజర్ రోల్ ఇవ్వండి. డబ్బు లెక్కల కాగితాలు కాబట్టి నా ఓటు మొదటిదానికే. పాత ఫొటో చెరిగిపోకుండా ఉంటే రేపు తూకం దగ్గర పేచీ వచ్చినప్పుడు చూపించుకోవచ్చు.

రెండో చిక్కు మన కోడ్‌లోనే ఉంటుంది. పైథాన్ లైబ్రరీలో "గెట్ బకెట్" అని పిలిస్తే అది ముందు బకెట్ వివరాలు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. దానికి "స్టోరేజ్.బకెట్స్.గెట్" పర్మిషన్ కావాలి. ఆబ్జెక్ట్ యూజర్, ఆబ్జెక్ట్ క్రియేటర్ లాంటి రోల్స్‌లో అది ఉండదు. ఫైలు పెట్టే హక్కు ఉండి కూడా, ఫైలు దాకా పోకముందే ఎర్రర్ పడుతుంది. ఊరికే "బకెట్" అని పిలిస్తే నెట్‌వర్క్‌కు వెళ్లకుండా పేరు మాత్రం పట్టుకుంటుంది. "గెట్" అన్న మాట తీసేస్తే చాలు, ఏ రోల్ మార్చక్కర్లేదు. ఎర్రర్‌లో పర్మిషన్ పేరు చదవమని రెండో మెట్టులో అంతగా చెప్పింది ఇందుకే: అక్కడ "ఆబ్జెక్ట్స్" కాదు, "బకెట్స్" అని ఉంటుంది.

రోల్ ఇచ్చేది ప్రాజెక్టు మీద కాదు, ఆ ఒక్క బకెట్ మీద. బకెట్ తెరిచి పర్మిషన్స్ ట్యాబ్‌లో గ్రాంట్ యాక్సెస్ నొక్కి, సర్వీస్ అకౌంట్ ఈమెయిల్ అతికించి, రోల్ ఎంచుకోవాలి. ఆ పేజీలోనే మీకు 403 వస్తే, ఇచ్చే హక్కు మీకు లేదని. ప్రాజెక్టులో ఎడిటర్ రోల్ ఉన్నంత మాత్రాన ప్రాజెక్టు స్థాయిలో ఇంకొకరికి రోల్స్ పంచలేరు. ఓనర్ అకౌంట్ యజమాని జీమెయిల్ మీద ఉంటే ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా 403 వస్తుంటే బకెట్ పేరు స్పెల్లింగ్ చూడండి. బకెట్ పేర్లు ప్రపంచం మొత్తానికి ఒకే పట్టిక. ఒక అక్షరం తప్పితే అది వేరే ఎవరిదో బకెట్ కావొచ్చు, వాళ్లు మిమ్మల్ని ఎందుకు రానిస్తారు?

ఆరో మెట్టు: షీట్

ఇక్కడ రోల్స్ పేజీ మూసేయండి. "ద కాలర్ డజ్ నాట్ హ్యావ్ పర్మిషన్" అని వచ్చే 403కు మందు షీట్‌లోనే ఉంది. పైన షేర్ బటన్ నొక్కి, సర్వీస్ అకౌంట్ ఈమెయిల్ ఇచ్చి, ఎడిటర్‌గా పెట్టాలి. మనిషికి షేర్ చేసినట్టే. నోటిఫై టిక్కు తీసేయండి, ఆ అడ్రసుకు మెయిల్ వెళ్లినా చదివే దిక్కు లేదు. యజమాని షీట్ కంపెనీ వర్క్‌స్పేస్ అకౌంట్‌లో ఉంటే, బయటివాళ్లకు షేర్ చేయడాన్ని అడ్మిన్ ఆపేసి ఉండొచ్చు. సర్వీస్ అకౌంట్ వాళ్ల దృష్టిలో బయటిదే.

షేర్ చేశాక కూడా "ఇన్‌సఫిషియెంట్ ఆథెంటికేషన్ స్కోప్స్" అంటే అది వేరే సంగతి. రోల్, షేరింగ్ అన్నవి మనిషికి ఉన్న హక్కు. స్కోప్ అనేది ఆ టోకెన్‌కు ఉన్న హద్దు. కోడ్‌లో స్కోప్ చివర రీడ్‌ఓన్లీ అని ఉంటే చదవగలరు, రాయలేరు. అప్లికేషన్-డిఫాల్ట్ లాగిన్‌లో మామూలుగా షీట్స్ స్కోప్ రానే రాదు. సర్వీస్ అకౌంట్ కీతో నడుపుతూ కోడ్‌లో స్ప్రెడ్‌షీట్స్ స్కోప్ రాసుకోవడం ఇలాంటి చిన్న పనికి సుళువు.

ప్రోగ్రాం రోజుకో కొత్త షీట్ తయారుచేసేలా రాస్తే ఇంకో 403 ఎదురవుతుంది, సర్వీస్ అకౌంట్‌కు స్టోరేజ్ కోటా లేదని. అది పర్మిషన్ కాదు, డ్రైవ్‌లో దానికి సొంత జాగా లేకపోవడం. యజమాని తయారుచేసిన షీట్‌లోనే ట్యాబులు పెంచుకుంటూ పోవాలి.

ఏడో మెట్టు: విజన్, ఏపీఐ కీలు

విజన్ పని త్వరగా తేలుతుంది. ఏపీఐ ఎనేబుల్ అవ్వాలి, ప్రాజెక్టుకు బిల్లింగ్ అకౌంట్ తగిలించి ఉండాలి. నెలకు మొదటి 1000 యూనిట్లు ఉచితమే, అయినా బిల్లింగ్ లేకపోతే 403 ఇస్తుంది. జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. ఫొటోను నేరుగా పంపకుండా బకెట్‌లోని అడ్రసు ఇస్తే, దాన్ని తెరిచే హక్కు కూడా మీ అకౌంట్‌కు ఉండాలి. క్రియేటర్ రోల్‌తో పెట్టగలరు, చదవలేరు. కాబట్టి ఆబ్జెక్ట్ వ్యూయర్ రోల్ కూడా ఇవ్వాలి, లేదా ఫొటోను కంప్యూటర్ నుంచే పంపాలి. పైగా ఒక్కో ఫొటోకు వచ్చే ఎర్రర్ జవాబు లోపల దాక్కుంటుంది. పైకి రిక్వెస్ట్ 200తో సక్సెస్ అయినట్టే ఉంటుంది, అక్షరాలు మాత్రం ఖాళీగా వస్తాయి. రెస్పాన్స్‌లో ఎర్రర్ మెసేజ్ ఉందేమో ప్రతిసారీ చూసే ఒక లైను కోడ్‌లో పెట్టండి. లేకపోతే షీట్‌లో ఖాళీ వరుసలు చూసి గుమాస్తా చేతిరాత బాగాలేదనుకుంటారు.

విజన్‌ను ఏపీఐ కీతో కూడా పిలవొచ్చు. కీ మాత్రం మనిషిని చెప్పదు, ప్రాజెక్టును మాత్రమే చెబుతుంది. అందుకే కీతో మీ ప్రైవేటు షీట్ తెరుచుకోదు. కీకి ఐపీ ఆంక్ష పెడితే మన ఊళ్ల కేబుల్ నెట్‌తో ఇబ్బంది ఉంటుంది. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఐపీ మారిపోవచ్చు. నిన్న నడిచిన కీ ఈరోజు 403 ఇస్తుంది, ఏ ఐపీ నుంచి వచ్చిందో కూడా ఎర్రర్‌లో చెబుతుంది. వెబ్‌సైట్ ఆంక్ష పెట్టిన కీని పైథాన్ ప్రోగ్రాంలో వాడితే రెఫరర్ ఖాళీగా ఉందని ఆపేస్తుంది. ఇలాంటి చోట సర్వీస్ అకౌంటే నయం. కీ వాడక తప్పదంటే, కనీసం అది విజన్ ఏపీఐకి మాత్రమే పనిచేసేలా కట్టడి చేయండి.

401 వచ్చినా, "ఇన్‌వ్యాలిడ్ గ్రాంట్" అన్నా

మొదట గోడ గడియారం చూసి, తర్వాత కంప్యూటర్ గడియారం చూడండి. సర్వీస్ అకౌంట్ ప్రతి టోకెన్ కోసం ఇప్పటి సమయం రాసి సంతకం పెట్టి పంపుతుంది. ఆ సమయం తేడాగా ఉంటే గూగుల్ నమ్మదు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ఇంకో రకం తప్పు కంటికి ఆనదు. టైమ్ జోన్ వేరే దేశానిది ఉండి, ఎవరో గడియారాన్ని చేత్తో మన టైముకు తిప్పి ఉంటారు. తెరమీద సమయం సరిగ్గానే ఉంటుంది, లోపలి లెక్క మాత్రం గంటల తరబడి తప్పు. టైమ్ జోన్ యూటీసీ ప్లస్ 5:30కి పెట్టి, సింక్ నౌ నొక్కండి.

గడియారం బాగానే ఉండి "ఇన్‌వ్యాలిడ్ జేడబ్ల్యూటీ సిగ్నేచర్" అంటే, ఆ కీని ఎవరో డిలీట్ చేశారు లేదా డిసేబుల్ చేశారు. కోడ్‌తో పాటు కీ ఫైలును గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టి ఉంటే గూగులే దాన్ని పట్టుకుని ఆపేసి ఉండొచ్చు. సరిగ్గా వారానికోసారి ఆగిపోతోందంటే కారణం ఇంకొకటి. మీరు వాడేది సర్వీస్ అకౌంట్ కాదు, మనిషి లాగిన్. ఆ యాప్ కన్సెంట్ స్క్రీన్ ఇంకా టెస్టింగ్ దశలో ఉంది. ఆ దశలో రిఫ్రెష్ టోకెన్‌కు 7 రోజులే ఆయుష్షు.

కీ తయారుచేయబోతేనే కన్సోల్ వద్దంటోందా? 2024 మే 3 నుంచి కొత్తగా తెరిచిన ఆర్గనైజేషన్లలో సర్వీస్ అకౌంట్ కీలు తయారుచేయడాన్ని గూగుల్ ముందే మూసేసి ఉంచుతోంది. ఆర్గనైజేషన్ పాలసీ అడ్మిన్ ఆ ఆంక్షను ఆ ఒక్క ప్రాజెక్టుకు సడలించాలి, లేదా ప్రోగ్రాంను క్లౌడ్ రన్ (గూగుల్ సర్వర్ల మీదే ప్రోగ్రాం నడిపే సేవ) లాంటి చోటికి మార్చి కీతో పని లేకుండా చేసుకోవాలి. మార్చేటప్పుడు "యాక్ట్‌యాజ్" పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే, డిప్లాయ్ చేసే మీకు ఆ సర్వీస్ అకౌంట్ మీద సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్ ఇవ్వాలి. క్లౌడ్ రన్ కాకుండా కంప్యూట్ ఇంజిన్ వీఎం (గూగుల్ దగ్గర అద్దెకు తీసుకున్న సర్వర్) అయితే, డిఫాల్ట్ స్కోపుల్లో స్టోరేజ్‌కు చదివే హక్కే ఉంటుంది. మార్చాలంటే వీఎం ఆపాల్సిందే.

అన్నీ చేశాక కూడా రాకపోతే

ముందు కాసేపు ఆగండి. రోల్ మార్పు సాధారణంగా 2 నిమిషాల్లో అమల్లోకి వస్తుంది, ఒక్కోసారి 7 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. గూగుల్ గ్రూపులో చేర్చి గ్రూపుకు రోల్ ఇస్తే గంటలు పట్టొచ్చు. ఈ లోపు ఇంకో రోల్, ఇంకో రోల్ అని కలుపుకుంటూ పోతే, చివరకు ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

తర్వాత కన్సోల్‌లో ఐఏఎం (హక్కులు, రోల్స్ ఉండే విభాగం) కింద పాలసీ ట్రబుల్‌షూటర్ తెరవండి. కాగితం మీద రాసుకున్న మూడింటినీ, అంటే అకౌంట్, వస్తువు, పర్మిషన్ పేరు, ఇస్తే హక్కు ఉందో లేదో, ఉంటే ఏ రోల్ ద్వారా వచ్చిందో చెబుతుంది. డినై పాలసీ (హక్కును నిషేధించే నియమం) అడ్డుపడుతున్నా అక్కడ తెలుస్తుంది. సర్వీస్ అకౌంట్‌ను డిలీట్ చేసి మళ్లీ అదే పేరుతో తయారుచేశారా? ఈమెయిల్ ఒకటే అయినా గూగుల్ లెక్కలో అది కొత్త మనిషి, పాతదానికిచ్చిన రోల్స్ దీనికి అంటవు. పాత రోల్ తీసేసి కొత్తగా ఇవ్వాలి. డిలీట్ చేసి 30 రోజులు దాటకపోతే పాతదాన్నే తిరిగి తెచ్చుకునే అవకాశం కూడా ఉంది.

అమెజాన్ ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లకూ దారి ఇదే, పేర్లు మారతాయి. ప్రోగ్రాం ఎవరి పేరుతో నడుస్తోందో తెలుసుకోవడానికి "ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ". యాక్సెస్ డినైడ్ మెసేజ్‌లో ఏ యూజర్, ఏ పని, దేని మీద అన్నవి అక్కడా ఉంటాయి. చివర్లో "ఎక్స్‌ప్లిసిట్ డినై" అని ఉంటే ఎన్ని పాలసీలు కలిపినా పోదు, ఆ డినైని వెతికి తీయాలి. ఎస్3 (అమెజాన్ స్టోరేజ్)లో గడియారం 15 నిమిషాలకు మించి తప్పినా తోసేస్తుంది.

ఎర్రర్ పోయిన రోజే ఇల్లు సర్దుకోండి. హడావుడిలో ప్రాజెక్టు మీద ఇచ్చిన ఓనర్, ఎడిటర్ రోల్స్ తీసేసి, ప్రోగ్రాం మళ్లీ ఒకసారి నడిపి చూడండి. ఆగితే, ఆగిన చోట ఎర్రర్ ఏ పర్మిషన్ అడుగుతుందో అది మాత్రమే ఇవ్వండి. ఒక సర్వీస్ అకౌంట్‌కు 10 కీల దాకా ఉంచుకోవచ్చు. అందుకే పాతవి పేరుకుపోతాయి, ఏది ఏ కంప్యూటర్‌లో ఉందో గుర్తుండదు. అనుమానమున్న కీని వెంటనే డిలీట్ చేయకుండా ముందు డిసేబుల్ చేయండి. మండీ లెక్కలు, నెలాఖరు రిపోర్టులు అన్నీ ఒక చుట్టు తిరిగి ఎక్కడా ఏదీ ఆగకపోతే, అప్పుడు డిలీట్ నొక్కవచ్చు.